రెండు పడవలు, ఒక గుర్తు

నెల్లిమర్ల దాటేసరికి నా ప్రోగ్రాముకి పెట్టిన ఇరవై నాలుగు టెస్టులూ మళ్ళీ నెగ్గాయి. ఒళ్ళో ల్యాప్‌టాప్, తెర మీద ఒకదాని కింద ఒకటి పచ్చటి టిక్కులు, కిటికీ రెక్క దించినా సందులోంచి దూరి మోకాళ్ళ మీద పడుతున్న జల్లు. విజయనగరంలో పదింటి ప్యాసింజరు ఎక్కాక ఇది మూడోసారి నడపడం. ఒక్క అక్షరం మార్చలేదు. మార్చనిదాన్ని ఎన్నిసార్లు నడిపినా అదే వస్తుందని తెలుసు, అయినా వేలు ఊరుకోవడం లేదు, మొక్కుకున్నట్టు నొక్కుతూనే ఉన్నాను. నెగ్గింది. మళ్ళీ నెగ్గింది. అన్నీ నెగ్గితే మరి లక్ష్ముడు మావ ఇంటికి ఎందుకు రాలేదు?

వచ్చాడు. వచ్చాడనే ఉంది. లక్ష్ముడు, ఒడ్డున, ఏడూ ఇరవై. పొద్దున్న హాస్టల్లో పళ్ళు తోముకుంటూ ఫోన్లో నేనే చూశాను, నేనే అమ్మకి చెప్పాను. గాలి లేచిందనీ, పేటలో పడవలన్నీ వెనక్కి తిరిగాయనీ, తమ్ముడి పడవ మాత్రం కనబడలేదనీ అమ్మ ఏడూ ముప్పావుకి ఫోన్ చేసింది. ఒడ్డు మీద నిలబడి మాట్లాడుతోంది, గాలికి సగం మాటలు ఎగిరిపోతున్నాయి. "ఉసా, నీ సెల్లులో సూడే, మీ మావ ఎక్కడున్నాడో" అంది. చూశాను. నోట్లో నురగతోనే చెప్పాను, "ఒడ్డుకొచ్చేసినాడమ్మా, అర్ధగంటయింది. పడవ పక్క పేటలో ఎక్కించి ఏ చుట్టం ఇంటికాడో టీ తాగుతుంటాడు, మీరు ఇంటికి పోండి" అని. అమ్మ ఆ మాట పక్కనున్న వాళ్ళకి గట్టిగా చెప్పడం వినిపించింది. "వొచ్చీసినాడంటమ్మా, మా గుంట సెప్తన్నాది." ఆ గొంతులో తేలిక. ఆ వెనకాల ఇంకో ఆడమనిషి నవ్వు, మావ పడవలో పనిచేసే సూరయ్య పెళ్ళాం చిన్నతల్లిదయి ఉంటుంది. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఒడ్డునున్న గదిలో కంప్యూటరు చూసుకునే నరసింగరావు గారు కూడా అదే తెర చూసి పడవలన్నీ చేరాయని మెరైన్ పోలీసు స్టేషనుకి రాసి పంపేశారు. తొమ్మిదిన్నరకి అమ్మ మళ్ళీ చేసింది. ఈసారి అరవలేదు. "నేడే అమ్మా. ఎవులింటికాడా నేడు. పడవా నేదు."

పడవ లేదు. ఇంట్లో మనిషి లేకపోతే ఎక్కడో ఉన్నాడనుకోవచ్చు, ఒడ్డున పడవ లేకపోతే ఏమనుకోవాలి? ఇంకా అవతలి పేటలో ఒడ్డెక్కించాడేమో. గాలికి అటు కొట్టుకుపోయి అక్కడే లాగేశాడేమో. ఎదురు సీట్లో ముసలాయన ఖద్దరు పంచెల మూట ఒడిలో పెట్టుకుని నా తెరకేసే చూస్తున్నాడు. "ఏటమ్మా అది, పరీచ్చలా?" అన్నాడు. అవునన్నాను. "పాసయినావా?" అన్నాడు. నవ్వబోయాను, రాలేదు. పాసయ్యాను తాతా, ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మూడేళ్ళకి మా చిన్న కంపెనీకి ఈ పని దొరికింది. ప్రతి పడవకీ ఒక పెట్టె, అరచేతంత, నీళ్ళు చొరకుండా బిగించింది. టవరు అందినంత దూరం అది పడవ ఎక్కడుందో పలుకుతూ ఉంటుంది, ఒడ్డున గదిలో తెర మీద చుక్క కదులుతుంది. అందులో నా వంతు చిన్నది, ప్రోగ్రాములో ఒక ముక్క, ఒక్క ఫంక్షను. ఎవరు పలుకుతున్నారో చెప్పే ఫంక్షను. పెట్టెలో లినక్సు, ఒడ్డు గదిలో విండోసు, మత్స్యకారుల ఫోన్లలో ఆండ్రాయిడు, మా అనంతపద్మనాభం సార్ బల్ల మీద మాక్. ఒక్కోటీ తన గుర్తుని ఒక్కోచోట దాచుకుంటుంది. ఏ యంత్రం మీద నడిపినా దాని గుర్తుని వెతికి తెచ్చి చేతిలో పెట్టాలి, ఆ యంత్రానికి ఎప్పుడూ అదే రావాలి, ఇంకోదానికి అది రాకూడదు. అంతే. ఆ పని నాకెంత ఇష్టమో! టెస్టులు రాసేటప్పుడు నాలుగు యంత్రాలూ నా దగ్గర ఉండక్కర్లేదు, ఫంక్షనుకి అబద్ధం చెబితే చాలు. ఇప్పుడు నువ్వు విండోసు మీద ఉన్నావు అంటాను, నమ్ముతుంది. లినక్సు మీద ఉన్నావు, ఇదిగో నీ గుర్తు అని నాలుగు ఉత్తుత్తి అక్షరాలు పెడతాను, నమ్మి అవే తెచ్చి ఇస్తుంది. ఫైలు లేదంటాను, తడబడకుండా గుర్తు దొరకలేదని చెబుతుంది. అలా ఇరవై నాలుగు. ఇరవై నాలుగు అబద్ధాలకీ ఇరవై నాలుగు సరైన జవాబులు.

గాలి అడ్డంగా కొడుతోంది, చేలల్లో వరి అంతా ఒకవైపే ఒరిగి ఉంది. ఇక్కడే ఇలా ఉంటే అక్కడ ఎలా ఉందో. మావ ఈదగలడు. మావ ఈదినంత మా పేటలో ఎవరూ ఈదలేరు. నాలుగు రోజుల కిందట కొత్త పెట్టెలు రెండు నేనే పట్టుకెళ్ళినప్పుడు, అప్పటికి పెట్టె లేని పడవల వాళ్ళెవరూ ముందుకు రాలేదు. పెట్టె పెడితే ఏ చోట చేపలు పడతాయో అందరికీ తెలిసిపోతుందని ఒకడు, దాని బరువుకి పడవ మునిగిపోతుందని ఇంకొకడు వేళాకోళం. మావ మాట్లాడకుండా వచ్చి నా చేతిలోంచి తీసుకుని ఇంజను పక్కన తనే బిగించాడు. చూసి పోతురాజు చిన్నాన్న రెండోది తీసుకున్నాడు. ఇద్దరివీ పక్కపక్క పడవలు, కలిసే వెళ్తారు, కలిసే వస్తారు. "దీనికి పేరేటి పెట్టినావే?" అన్నాడు మావ. దాని గుర్తు చదివి వినిపించాను, ముప్ఫై రెండు అక్షరాలూ అంకెలూ. సూరయ్య పడవ అంచు మీద కూర్చుని వల చిక్కు తీస్తున్నవాడు పగలబడి నవ్వాడు. "ఇంత పొడుగు పేరా! పిలిసీలోగా మునిగిపోతాం గదేటి" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

పెట్టె పోయిందా, పడవ పోయిందా. పెట్టె ఒడ్డున ఉందని పలుకుతోంది కదా. పెట్టె ఒక్కటే ఒడ్డుకి ఎలా వస్తుంది? ఎవరో విప్పి తెచ్చారా? గరివిడి వచ్చింది, ఫ్యాక్టరీ గొట్టాల పొగ పైకి లేవడం మానేసి రోడ్డు మీదే పరుచుకుంది. ఎవరో దిగుతూ నా కాలు తొక్కారు. పెట్టెలు పంపకముందు సమీక్షలో సార్ అడిగారు. ఆయన ఏదీ గట్టిగా అడగరు. తండ్రిగారు విజయనగరంలో వీణ పాఠాలు చెప్పేవారు, ఈయనకీ ఆ ఓపికే, తప్పు దొరికినా తప్పని అనకుండా మళ్ళీ వాయించమన్నట్టు చూస్తారు. "ఉషా, అన్నీ బాగున్నాయమ్మా. నిజం పెట్టెలు రెండు పక్కపక్కన పెట్టి చూశావా?" అన్నారు. నేను నొచ్చుకున్నాను. అవును, నొచ్చుకున్నాను, ఇప్పుడు ఒప్పుకుంటే ఏం పోయింది. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన పిల్ల నాలుగు రకాల యంత్రాలకి టెస్టులు రాస్తే ఇంకా పక్కపక్కన పెట్టి చూడమంటాడేమిటి అనుకున్నాను. "అక్కర్లేదు సార్, లినక్సుకే ఏడు టెస్టులున్నాయి" అన్నాను. ఆయన తలూపారు. ఆ తలూపడం నచ్చిందన్నట్టు కాదు. నాకప్పుడే తెలుసు అది నచ్చిందన్నట్టు కాదని.

చీపురుపల్లిలో బండి ఆగింది. సిగ్నలు నాలుగు గీతలు వచ్చింది, పేట పట్టిక మళ్ళీ తెరిచాను. పద్నాలుగు పడవలు, పద్నాలుగు వరసలు. లక్ష్ముడు, ఒడ్డున. పోతురాజు, ఒడ్డున. స్థానం దగ్గర అంకెలు. పొద్దుట్నుంచి ఒడ్డున అన్న మాటే చదువుతున్నాను, అంకెలు చదవలేదు. లక్ష్ముడు 18.33417. పోతురాజు 18.33417. పక్కపక్కనే ఉంటాయి కదా పడవలు. రెండో అంకె చూశాను, అదీ ఒకటే. నిమిషం ఆగి మళ్ళీ తాజా చేశాను. పోతురాజుది చివర ఏడు పోయి తొమ్మిది వచ్చింది. మావది కూడా ఏడు పోయి తొమ్మిది. ఒక్కచోట కదలకుండా పెట్టిన పెట్టె కూడా నిమిషానికోసారి చివరి అంకె అటూ ఇటూ తూగుతుంది, ఆకాశంలో ఉపగ్రహాల నుంచి వచ్చే లెక్క అంత కచ్చితంగా ఉండదు. ఒక పెట్టె ఒకలా తూగుతుంది, ఇంకోటి ఇంకోలా. రెండు పెట్టెలు ఒకేసారి ఒకేలా తూగవు. తూగవు. రెండు పెట్టెలు కావు ఇవి. ఒకటే పెట్టె. ఒక్కటే రెండు పేర్లతో పలుకుతోంది, ఆ ఒక్కటీ పోతురాజుది, మావది పలకడమే లేదు.

బండి ఎప్పుడు కదిలిందో తెలియలేదు. కార్డు. మెమరీ కార్డు. కొత్త పెట్టెలు ఎనిమిది తయారు చేయాలి, గడువు దగ్గరపడింది, ఒక్క కార్డు సిద్ధం చేసి మిగతా ఏడింటిలోకీ నకలు తీశాను, నేనే, ఈ చేతుల్తోనే, పాటలు వింటూ. లినక్సు తన గుర్తుని ఆ కార్డులోనే ఒక ఫైల్లో రాసుకుంటుంది. కార్డు నకలు తీస్తే గుర్తూ నకలవుతుంది. ఎనిమిది పెట్టెలకీ ఒకటే గుర్తు. మా పేటకి రెండు వచ్చాయి, మిగతా ఆరూ బస్సులో వేరే పేటలకి నిన్ననే వెళ్ళాయి. ఈ నాలుగు రోజులూ మావ, చిన్నాన్న కలిసే వెళ్ళి కలిసే వచ్చారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇవాళ గాలికి విడిపోయి ఒకడు వచ్చాడు, ఒకడు రాలేదు. మరి నా టెస్టు? రెండు యంత్రాలకి రెండు గుర్తులు రావాలన్న టెస్టు ఉంది కదా, పదిహేడోది. తెరిచి చూశాను. ఒకదానికి నాలుగు ‘ఏ’ అక్షరాలు పెట్టాను, రెండోదానికి నాలుగు ‘బీ’ అక్షరాలు పెట్టాను, ‘ఏ’లూ ‘బీ’లూ వేరువేరుగా వచ్చాయని టిక్కు పెట్టుకున్నాను. వేరుగా ఉన్నవాటిని నేనే ఇచ్చి, వేరుగా వచ్చాయని సంబరపడ్డాను.

నరసింగరావు గారికి చేస్తే రెండు రింగులకి కట్టయింది, బాతువ దగ్గర సిగ్నలు పోయింది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. ఫోన్ చెయ్యి చాచి బయట పెట్టాను, వాన, లోపలికి లాక్కుని తుడిచాను. ముసలాయన మూట పక్కన పెట్టి లేచి వచ్చాడు. "ఏటయినాదమ్మా?" "మా మావ సముద్రంలో ఉన్నాడు తాతా. నేను ఒడ్డున ఉన్నాడని చెప్పాను." ఆయనకి ఏం అర్థమైందో, తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. దాంట్లో ఒక గీత ఉంది. "నరసింగరావు గారూ, ఉషని. తెర నమ్మకండి. లక్ష్ముడు మావ వరస తప్పు. మావ రాలేదు, ఇంకా లోపలే ఉన్నాడు. మెరైన్ వాళ్ళకి ఇప్పుడే చెప్పండి, ఇప్పుడే." "అదేంటమ్మా, పొద్దున్న నువ్వే చూసి..." "నేనే. నాదే తప్పు. చెప్పండి ముందు."

సార్‌కి రెండో ఫోన్. ఒక్క మాటలో చెప్పాను, రెండు పెట్టెలకీ ఒకటే గుర్తండీ అని. నేను చెప్పాను కదా అంటారని కాచుకున్నాను. "సరే. సర్వరులో పచ్చి సందేశాలన్నీ ఉంటాయి, చెరిగిపోవు. ఆ గుర్తు మీద వచ్చినవన్నీ తీస్తున్నాను. రెండింటినీ ఎలా విడదీయడమమ్మా?" అన్నారు. ఎలా? గుర్తు ఒకటే, పేరు లేదు. రెండింటిలో వేరుగా ఉన్నదేమిటి? బ్యాటరీ. పెట్టె పడవ బ్యాటరీ మీదే నడుస్తుంది, ప్రతి సందేశంలోనూ దాని వోల్టేజి వస్తుంది; మావ పడవది కొత్త బ్యాటరీ, చిన్నాన్నది పాతది, తక్కువ చూపిస్తుంది. "బ్యాటరీ అంకె బట్టి చూడండి సార్. పన్నెండున్నర పైనున్నవి మావవి." కీబోర్డు చప్పుడు. ఆయన ఊపిరి. సిగడాం స్టేషను బోర్డు వెనక్కి వెళ్ళింది. "ఉందమ్మా. ఆఖరిది అయిదూ యాభైకి. ఒడ్డుకి పదహారు కిలోమీటర్లు, తూర్పుగా. ఆ తరవాత లేదు." అంకెలు చెప్పారు. కాగితం లేదు. చేతి మీద రాసుకున్నాను.

అయిదూ యాభై. ఇప్పుడు పదకొండు అవబోతోంది. అయిదు గంటలు. ఏడూ ముప్పావుకి నేను పళ్ళు తోముకుంటున్నాను. అమ్మకి చేశాను. ఎలా చెప్పాలి, ఏ మాటతో మొదలెట్టాలి అనుకుంటుండగానే ఎత్తింది. "అమ్మా, పొద్దున్న నేను చెప్పింది అబద్ధం. తెలిసి కాదు. పోతురాజు చిన్నాన్న పెట్టెని చూసి మావ అనుకున్నాను. నా పనిలోనే తప్పు." ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "ఎక్కడున్నాడు?" అంది. పదహారు కిలోమీటర్లు, తూర్పుకి, అయిదూ యాభైకి అన్నాను. "పొద్దుటి మాట అది. ఈ నెల్లో నీరు దచ్చిణానికి లాగుతాది. అక్కడ ఎతికితే దొరకడు. ఉండు, పోతురాజుకిస్తన్నాను." ఫోన్ చేతులు మారిన చప్పుడు.

"మెరైనోళ్ళు గాలి తగ్గితేగానీ కదలరంట. సెప్పమ్మీ" అన్నాడు చిన్నాన్న. చేతి మీద అంకెలు చదివాను. నీరు లాగే లెక్క ఆయనే వేసుకున్నాడు, గంటకింత, అయిదు గంటలకింత అని గొణుక్కుంటూ. వెనకాల ఆడవాళ్ళ గొంతులు. బతిమాలుతున్నారో వద్దంటున్నారో తెలియలేదు. ఆ గాలిలోకి మళ్ళీ పడవ దింపడమంటే ఏమిటో నాకు తెలుసు, మా నాన్న అలా వెళ్ళే తిరిగి రాలేదు. "ఒక్కటి అడుగుతాను" అన్నాడు. "పొద్దున్న కంపూటరు సెప్పింది తప్పన్నావు. ఇప్పుడు సెప్తన్నది కంపూటరు మాటా, నీ మాటా?" బ్యాటరీ అంకె ఒక్కటే ఆధారం. పన్నెండున్నర పైన, పన్నెండున్నర కింద. ఆ గీత నేను గీసింది. అది కూడా తప్పయితే ఇంకో నలుగురు ఆ నీళ్ళలో. "నా మాట, సిన్నాన్నా" అన్నాను. "అయితే ఎల్తన్నాను" అన్నాడు. అంతే.

పొందూరులో ముసలాయన దిగుతూ ఫోన్ తీసుకోలేదు, ఆమదాలవలస దాకా ఉంచుకోమన్నాడు, అక్కడ స్టేషన్లో టీ కొట్టు తన చెల్లెలి కొడుకుదేనట, వాడికిచ్చేయమన్నాడు. మూట భుజాన వేసుకుని వానలోకి దిగిపోయాడు, పేరు కూడా అడగలేదు నేను. మళ్ళీ సీట్లో కూర్చున్నాను. చేయగలిగింది ఇంకేమీ లేదు, చేతులు మాత్రం ఆగడం లేదు. కొత్త టెస్టు రాశాను. రెండు పెట్టెలు, రెండింటిలోనూ ఒకటే కార్డు నకలు, రెండు గుర్తులు వేరుగా రావాలి. నడిపాను. ఎర్రగా వచ్చింది. మొదటి పెట్టెది ఒకటి, రెండోదానిది ఒకటి అని ముప్ఫై రెండు అక్షరాలు రెండు వరసల్లో కింద పడ్డాయి, రెండూ ఒకటే. కార్డుని అడగడం తీసేసి పెట్టె చిప్పు మీద తయారీలోనే వేసిన నంబరుని అడిగేలా మార్చాను. పచ్చగా వచ్చింది. నాలుగు వరసల పని. దూసి దాటేలోపు అయిపోయింది. ఇది పెట్టెలు బిగించకముందే రాసి ఉంటే. రెండు నిజం పెట్టెలు బల్ల మీద పెట్టి చూస్తే పావుగంట. ల్యాప్‌టాప్ మూసేశాను. మళ్ళీ తెరిచాను. మళ్ళీ మూసేశాను.

టీ కొట్టులో ఫోన్ ఇచ్చి, శ్రీకాకుళం బస్సు, అక్కడి నుంచి ఆటో, పేటకి చేరేసరికి ఒంటిగంట దాటింది. పేట పేటంతా ఒడ్డునే ఉంది. అమ్మ నన్ను చూసి పక్కకి జరిగింది, తన పక్కన నిలబడ్డానికి చోటిచ్చింది. రెండున్నరకి చిన్నాన్న పడవ కనబడింది, వెనకాల తాడుతో ఇంకో పడవ, బోర్లాపడి. చిన్నాన్న పడవలో మనుషుల్ని లెక్కపెట్టాను. వెళ్ళినవాళ్ళు నలుగురు. ఇప్పుడు ఆరుగురు. మావ పడవలో వెళ్ళింది ముగ్గురు. మళ్ళీ లెక్కపెట్టాను. ఆరుగురే.

మావని మోసుకొచ్చి ఇసకలో పడుకోబెట్టారు. అరచేతులు రెండూ ఒలిచేసినట్టు ఉన్నాయి. పక్కన ఈశ్వర్, పడవలో మూడో మనిషి, కళ్ళు తెరిచి ఏటో చూస్తున్నాడు. అమ్మ మావ మొహం తుడుస్తుంటే ఆయన చెప్పాడు, పడవ ఆరింటికి తిరగబడిందనీ, ముగ్గురూ అడుగు పట్టుకుని వేలాడారనీ. "సూరయ్య సానాసేపు ఉన్నాడే అక్కా. పొద్దెక్కీవరకూ మాటాడతానే ఉన్నాడు. తొమ్మిదయ్యుంటాది, అప్పుడు ఒగ్గీసినాడు. ఇంకొంచెం సేపు పట్టుకోరా, ఎవులో ఒకరు వస్తారని సెప్పినాను." ఆయనకేమీ తెలియదు. ఎవరో ఒకరు ఎందుకు రాలేదో తెలియదు. తొమ్మిది. ఏడూ ముప్పావుకి బయల్దేరి ఉంటే.

సాయంత్రం చిన్నతల్లి ఇంటికి వెళ్ళాను. అమ్మ వద్దంది, ఇవాళ వద్దు, రేపు నేనూ వస్తానంది. ఆగలేకపోయాను. గుమ్మంలో ఆడవాళ్ళు దారి ఇచ్చారు. ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది, ఏడుపు అయిపోయి, ఒడ్డు మీది ఇసక ఇంకా పాదాలకి అంటుకునే ఉంది. ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాను. ఏదీ తగ్గించలేదు. కార్డు నకలు తీసింది నేను, సార్ అడిగినా చూడనిది నేను, పొద్దున్న ఇళ్ళకి పోండన్నది నేను అని. కంప్యూటరు మాటలు వాడకుండా చెప్పడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. రెండు పడవలకీ ఒకటే గుర్తు పెట్టాను, ఒకటి వస్తే రెండూ వచ్చాయనుకున్నాను. ఆమె నన్ను చూసింది. కొడుతుందేమో, కొడితే బాగుండును.

"అలాటి పెట్టెలు ఇంకా ఉన్నాయా?" అంది.

"ఆరున్నాయి. వేరే పేటలకి పంపాం. వాడొద్దని సార్ ఫోన్లు చేశారు, ఇద్దరు ఎత్తలేదు. వెళ్ళి కార్డులు మార్చాలి."

"పడవలెక్కినాయా?"

"ఇంకా లేదు. గాలి తగ్గాక ఎక్కుతాయి."

ఆమె గుమ్మంలోంచి బయటికి చూసింది. కొబ్బరాకులు కదలడం లేదు. వాన ఎప్పుడో వెలిసింది, మబ్బు అంచున వెలుగు కూడా కనబడుతోంది.

"గాలి తగ్గిపోనాది" అంది చిన్నతల్లి. "నా కాడ కూకుని ఏటి సేస్తావు? లెగు. ఎల్లు."

లేచాను.